కణం అంచున గోధుమ గీత

రోగి కండ ముక్క పొదిగిన మైనపు దిమ్మను బిగించి, ఊపిరి బిగబట్టి, రిబ్బనక్క కత్తి యంత్రం చక్రం తిప్పింది. కత్తి అంచు మీదుగా ఒక పొర జారింది. దాని తోకకు అంటుకుని ఇంకో పొర, దానికి మరొకటి. ఒక్కో పొర మందం వెంట్రుకలో ఇరవయ్యో వంతు. తడి కుంచెతో ఆ రిబ్బను కొస పైకెత్తి గోరువెచ్చని నీటి తొట్టిలో పరిచింది. నీళ్లు తగలగానే ముడతలు విడిపోయి మైనం సాఫీగా పరుచుకుంది. గాజు స్లైడును ఏటవాలుగా నీళ్లలోకి దించి, తనకు కావలసిన ముక్క దాని మీదకు ఎక్కగానే పైకి తీసి, నీరు ఓడ్చడానికి గోడకు ఆనించి నిలబెట్టింది.

ఆసుపత్రి వెనక వైపున్న ఆ గదిలో ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయరు. గాలి తగిలితే రిబ్బను ఎగిరిపోతుంది. తుమ్మొస్తే గుమ్మం దాటి వెళ్లి తుమ్మాలి. దాటకుండా తుమ్మినవాళ్లు ఆ రోజు అందరికీ టీ పోయించాలని ఎప్పుడో నియమం పెట్టుకున్నారు. పదహారేళ్లలో రిబ్బనక్క ఒక్కసారి కూడా టీ పోయించలేదు.

పదో తరగతితో చదువాపేసి, సీసాలు కడగడానికి ఆ గదిలో చేరిన మనిషి ఆమె. కడిగే తొట్టి పక్కనే ఆ గదికి పెద్ద టెక్నీషియన్ అయిన మాస్టారి కత్తి యంత్రం ఉండేది. చేతులు నీళ్లలో, కళ్లు యంత్రం మీద పెట్టుకుని ఏడాది గడిపింది. ఒకరోజు మాస్టారు భోజనానికి వెళ్లినప్పుడు, పారేయబోయే దిమ్మ ఒకటి బిగించి పదమూడు పొరలు ఒకే రిబ్బనుగా తీసి నీళ్ల మీద వదిలింది. ఆయన తిరిగొచ్చి చూశాడు. తిట్టలేదు. "కత్తి ఏ కోణంలో పెట్టావు?" అని మాత్రం అడిగాడు. మర్నాటి నుంచి సీసాలు వేరేవాళ్లు కడిగారు. ఆమె పేరు కాస్తా రిబ్బనక్కగా మారింది.

రంగులు వేయడం కూడా ఆయనే నేర్పాడు. అందులో అన్నిటికంటే కష్టమైనది రొమ్ము క్యాన్సర్ ముక్కలకు చేసే రిసెప్టర్ పరీక్ష. ఏం చేస్తున్నామో తెలియకుండా చేసే పని పని కాదని ఆయన నమ్మకం. అందుకని మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పాడు.

"కణం ఒక ఇల్లనుకో తల్లీ. ఈ రిసెప్టర్ లోపల గదిలో దాచుకునే వస్తువు కాదు. వీధి గోడకు బిగించిన చెవి. 'ఎదుగు' అని బయట నుంచి కబురొస్తే విని లోపలికి చేరేస్తుంది. మామూలు ఇంటికి నాలుగైదు చెవులుంటాయి. ఈ రకం క్యాన్సర్‌లో గోడ నిండా చెవులే. ఎవరూ ఏమీ అనకపోయినా 'ఎదుగు, ఎదుగు' అని ఒకటే రొద."

"మరి మందేం చేస్తుంది మాస్టారూ?"

"వెళ్లి ఆ చెవుల మీద కూర్చుంటుంది. అది పెద్ద అణువు, గోడ దాటి లోపలికి పోలేదు. అందుకే రంగు ఎక్కడ పట్టిందన్నది మనకు ముఖ్యం. లోపలెక్కడో మరక పడితే లెక్కలోకి రాదు. కణం అంచు చుట్టూ గీత గీసినట్టు గోధుమ రంగు కనిపించాలి. గీత నిండుగా ఉంటే ఆ మనిషికి ఆ మందు పనికొస్తుంది. లేకపోతే లేదు. మన చేతి పని సరిగ్గా లేకపోతే ఉన్న గీత కూడా కనిపించదు. అది గుర్తుంచుకో."

ఆమె గుర్తుంచుకుంది.

ఆ సోమవారం ఉదయం రిపోర్టుల కిటికీ దగ్గర ఎవరో గాజుల చేత్తో అద్దం తట్టారు. ఖాకీ చొక్కా, భుజాన తోలు సంచి. డ్యూటీ మధ్యలో వచ్చిన బస్సు కండక్టరమ్మ.

"ఏమ్మా, నా అద్దం ముక్కలు ఇచ్చేస్తారా? పెద్దాసుపత్రివాళ్లు తెమ్మన్నారు. గురువారం నుంచి మందెక్కిస్తారంట."

"చీటీ ఇవ్వండి, తీసిస్తాను."

"ఇదిగో. పంతొమ్మిదేళ్లు అందర్నీ టికెట్టు అడిగి అడిగి విసిగించా. ఇప్పుడు ఎక్కడికెళ్లినా నన్నే అడుగుతున్నారు. ఉసురు ఊరికే పోతుందా!" కండక్టరమ్మ తన మాటకు తనే నవ్వి, కిటికీలోకి వంగింది. "రిపోర్టు చదివించుకున్నా. నెగెటివ్ అని ఉందంట. మా చెల్లెలైతే అందరికీ ఫోన్లు చేసేసింది. నెగెటివ్ అంటే మంచిదేగా?"

అందరూ చేసే పొరపాటే అది. జబ్బు ఉందా లేదా అని చూసే పరీక్ష కాదిది. జబ్బు ఉందని తేలిపోయింది. ఈ పరీక్షలో నెగెటివ్ అంటే ఆ ప్రత్యేకమైన మందుకు దారి లేదని. రిబ్బనక్క అది ఆ కిటికీ దగ్గర చెప్పలేక, "డాక్టరుగారు వివరంగా చెప్తారండి. ఒక్క పది నిమిషాలు కూర్చోండి" అని లోపలికి వచ్చింది.

బయటికి వెళ్లే ప్రతి స్లైడునూ ఒకసారి మైక్రోస్కోపు కింద పెట్టి, నంబరు సరిచూసి పంపడం ఆ గదిలో అలవాటు. ఈ స్లైడుకు రంగు వేసింది మూడు వారాల కిందట, రిబ్బనక్క అత్తగారి కంటి ఆపరేషన్ కోసం సెలవు పెట్టిన కొత్తలో. ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది ఇవాళే. నంబరు సరిపోయింది. కానీ స్లైడు చివర ఉన్న చిన్న ముక్క దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి.

ప్రతి స్లైడు చివరా ఇలాంటి ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని కంట్రోల్ అంటారు. రోగి ముక్కతో పాటు, ఫలితం ముందే తెలిసిన ముక్కకూ అదే రంగు వేస్తారు. దానికి రంగు సరిగ్గా పడితే పని సరిగ్గా జరిగినట్టు. ఈ గదిలో కంట్రోల్‌గా లేత గీత వచ్చే ముక్కనే వాడాలి. ఆ నియమం మాస్టారు పెట్టిందే. బాగా ముదురుగా వచ్చే ముక్క పెడితే, రిసెప్టర్లను పట్టుకుని రంగు పట్టేలా చేసే యాంటీబాడీ మందు పలచబడినా అది గోధుమగానే కనిపిస్తుంది. కళ్ల పరీక్షలో అన్నిటికంటే పెద్ద అక్షరం ఒక్కటి చదివించి చూపు దివ్యంగా ఉందని పంపేసినట్టు.

కంట్రోల్ దిమ్మ నుంచి ఆరేళ్లుగా పొరలు తీస్తున్నది రిబ్బనక్క. ఆ ముక్క బూటు ఆకారంలో ఉంటుంది. బొటనవేలి దగ్గర చిన్న నొక్కు. కళ్లు మూసుకున్నా ఆ ఆకారం ఆమెకు కనిపిస్తుంది. ఈ స్లైడు మీద ఉన్నది బూటు కాదు. చిక్కుడు గింజలా గుండ్రంగా ఉంది. కాల్చిన కాఫీ గింజంత ముదురుగా ఉంది.

స్లైడు జరిపి కండక్టరమ్మ ముక్క చూసింది. కణాల అంచున రబ్బరుతో తుడిచేసిన పెన్సిల్ గీతలా ఏదో లేతగా ఉంది. నాలుగు కణాల్లో కనిపించి, ఐదో దాంట్లో తెగిపోయి, మళ్లీ కనిపిస్తోంది. నిజంగా నెగెటివ్ అయితే ఈ మాత్రం గీత కూడా కనపడదు.

ఆమె పెట్టె తెరిచి ఆ రోజుల్లో రంగు వేసిన స్లైడ్లన్నీ తీసింది. పదకొండు మంది. పదకొండింటికీ చివర చిక్కుడు గింజే.

కిటికీ దగ్గరికి తిరిగి వచ్చి, "ఈ స్లైడు ఇవాళ ఇవ్వలేనండి. మా పనిలో తేడా కనిపించింది. మళ్లీ రంగు వేసి చూడాలి. బుధవారం మధ్యాహ్నం రండి" అంది.

కండక్టరమ్మ మొహంలో నవ్వు ఆరిపోయింది. "మీ తేడా అంటున్నారా, నా తేడా అంటున్నారా?"

"మా తేడానే."

"గురువారం లోపు వస్తుందిగా? ఆ డాక్టరు దొరకడానికే నెల పట్టింది."

"వస్తుంది. నేనే చేస్తాను."

ఫ్రిజ్ తెరిచి కలిపిన యాంటీబాడీ సీసా బయటికి తీసింది. చిక్కటి మందును బఫరు ద్రావణంలో ఇంత అని కొలిచి కలిపి, సీసా మీద తేదీ, కలిపినవారి పేరు పొడి అక్షరాల్లో రాస్తారు. తేదీ ఆమె సెలవులో మూడో రోజుది. కింద ఉన్నవి ఆమె పొడి అక్షరాలు. రాత ఆమెది కాదు. నాలుగు అంకెకు అంత పొడుగ్గా అడ్డగీత లాగేది ఈ గదిలో ఒక్కరే.

మాస్టారు పక్క గదిలో రసాయనాల సీసాలు సర్దుతున్నాడు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. తెల్ల కోటు రోజూ ఇంట్లో తనే ఇస్త్రీ చేసుకుని వస్తాడు. ఆమె సీసాను ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"ఇది నేను కలపలేదు మాస్టారూ."

ఆయన సీసా వైపు చూడలేదు. తలుపు వైపు చూశాడు. "తలుపెయ్యి."

వేసింది.

"నువ్వు వెళ్లిన మర్నాడు చిక్కటి సీసా చెయ్యి జారింది. కింద పడి పగిలింది. అడుగున కాస్త మిగిలింది. కొత్తది రావడానికి మూడు వారాలన్నారు. కేసులు ఆగవు కదా."

"ఆపాలి. సీసా పగిలిందని డాక్టరమ్మకి చెబితే వేరే ల్యాబుకి పంపేవారు."

"ముప్పై ఎనిమిదేళ్లలో నా చేతిలో ఒక్క సీసా పగల్లేదు. రెండు నెలల్లో పోయేవాణ్ని. ముసలాయనకి చేతులు వణుకుతున్నాయని అనిపించుకుని వెళ్లమంటావా?"

"అందుకని నాలుగింతలు పలచన చేశారా?"

"మూడింతలే." ఆ సవరణ చెప్పేటప్పుడు ఆయన గొంతులో పాత మాస్టారే పలికాడు. కొలత తప్పు చెబితే ఊరుకోడు.

"కంట్రోల్ ఎందుకు మార్చారు?"

ఆయన ఒక సీసా తీసి పక్క వరుసలో పెట్టాడు. సీసా చెయ్యి జారి పడింది. కంట్రోల్ ముక్క చెయ్యి జారి మారదు. అలమరలోంచి వేరే దిమ్మ వెతికి తీసి, బిగించి, పొరలు కోసి, పదకొండు స్లైడ్లకు ఒక్కొక్కటిగా ఎక్కించాలి. తాను నేర్పిన పిల్లకు, తన పక్కనున్న డాక్టరమ్మకు అనుమానం రాకూడదని చల్లగా కూర్చుని చేసిన పని అది.

"సరే. నా పేరెందుకు రాశారు?"

"నీకు ఇంకా ఇరవై ఏళ్ల సర్వీసుంది తల్లీ. ఒక మాట పడ్డా దులుపుకుని పోతావు. నాకు దులుపుకునే టైము లేదు." ఆయన మెత్తగా, బతిమాలుతున్నట్టుగా అన్నాడు. "శుక్రవారం కొత్త సీసా వచ్చింది. ఇక ముందువన్నీ సరిగ్గానే వస్తాయి. అయిపోయినవాటిని కెలక్కు."

తల్లీ అన్న ఆ పిలుపు పదహారేళ్లుగా ఆమెకు జీతం కంటే ఎక్కువ. ఇప్పుడు అదే పిలుపు ఒంటి మీద చన్నీళ్లు పోసినట్టనిపించింది.

"పదకొండు మంది ఉన్నారు మాస్టారూ" అని, సీసా తీసుకుని డాక్టరమ్మ గదికి నడిచింది.

స్లైడ్లు చూసి రిపోర్టులు రాసి సంతకం పెట్టేది డాక్టరమ్మ. ఆమె మైక్రోస్కోపు నుంచి తలెత్తి అంతా విన్నది. సీసా తిప్పి చూసింది.

"దీని మీద నీ పేరే ఉందిగా."

"రాత చూడండి మేడమ్. ఆ రోజు నేను సెలవు."

డాక్టరమ్మ మాస్టారిని పిలిపించింది. ఆయన వచ్చి, చేతులు కట్టుకుని, కిటికీ పక్కన నిలబడ్డాడు.

"ఈ సీసా ఎవరు కలిపారు మాస్టారూ?"

రిబ్బనక్క ఆయన మొహమే చూస్తోంది. తలుపు వేసి ఉన్న గదిలో ఒప్పుకున్న మనిషి తలుపు తీసిన గదిలోనూ ఒప్పుకుంటాడని ఆమె అప్పటికింకా అనుకుంటూనే ఉంది.

"గుర్తులేదమ్మా. సెలవుకి వెళ్లేముందు తనే కలిపి పెట్టి, తేదీ ముందుకు వేసి ఉంటుంది. హడావిడిలో కొలత తప్పి ఉండొచ్చు. మనిషన్నాక..." అన్నాడు. చివరి మాట దయగా, ఆమెను క్షమించేసినట్టుగా అన్నాడు.

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎవరు ఏం చేశారన్నది పై ఆఫీసుకి రాస్తాను. వాళ్లు చూస్తారు. అంతదాకా నీ మీద కూడా ప్రశ్న ఉన్నట్టేనమ్మా. ఇప్పుడేం చేద్దామంటావు?"

రిబ్బనక్క చేతిపని మాటే చెప్పింది. "దిమ్మలు ఉన్నాయి మేడమ్. పదకొండూ మళ్లీ కోస్తాను. కొత్త సీసాతో రేపు రంగు వేస్తాను. కంట్రోల్ మీరు చూశాకే మిగతావి చూడండి."

"కొయ్యి."

ఆ సాయంత్రం పదకొండు దిమ్మలూ కోసి, ఒక్కో స్లైడు చివర బూటు ముక్క ఎక్కించి, ఆరబెట్టే పెట్టెలో పెట్టి ఇంటికి వెళ్లింది.

మొగుడు మోటార్ వైండింగ్ పని చేస్తాడు. తెల్లారి ఆమె లేచేసరికి వసారాలో కూర్చుని, కాలిపోయిన మోటారులోంచి రాగి తీగ చుట్టలు చుట్టలుగా లాగుతున్నాడు.

"రాత్రి రెండు ముద్దలు కూడా దిగలేదు నీకు. ఇంకా మాస్టారి గురించేనా?"

"అబద్ధం చెప్పినా సరే, నా మొహం చూసి చెప్పాల్సింది. కిటికీ బయటికి చూస్తూ చెప్పాడు."

"మొహం చూసి చెబితే మింగుడు పడేదా?"

"లేదు." టీ గ్లాసు పక్కన పెట్టింది. "ఒకటి మాత్రం అర్థం కావట్లేదు. ఇవాళ నేను చేసే ప్రతి పనీ ఆయన నేర్పిందే. స్లైడు పట్టుకోవడం, తట్టడం, ఆఖరికి గడియారం ఎలా పెట్టుకోవాలో కూడా. అవన్నీ విదిలించుకుంటే నాకంటూ చేతులే మిగలవు."

వైండింగ్ మేస్త్రి తీగ లాగడం ఆపాడు. "నాకు చుట్టడం నేర్పినవాడు నా పాత పనిముట్లన్నీ ఎత్తుకుపోయాడు. చుట్టు మాత్రం తప్పు నేర్పలా. మనిషిని వదిలెయ్. చుట్టు ఉంచుకో. ముందు ఆ టీ తాగు, మళ్లీ కాచే ఓపిక నాకు లేదు."

మంగళవారం పొద్దున్నే ఆమె పనిలోకి దిగింది. జైలీన్‌లో మైనం కరిగించింది. ఆల్కహాలు తొట్లలో ఒక్కొక్కటిగా ముంచి నీళ్లలోకి దించింది. ప్రెషర్ కుక్కరులో బఫరు మరిగించి స్లైడ్లను ఉడికించింది. ఫార్మాలిన్‌లో బిగుసుకుపోయిన రిసెప్టర్లు ఆ వేడికి ముడులు విప్పుకుంటేనే యాంటీబాడీ వాటిని పట్టుకోగలదు. చల్లారనిచ్చింది. కొత్త సీసా తెరిచి, పిపెట్టు కళ్లకు సమానంగా పట్టుకుని, చిక్కటి మందు కొలిచింది. కలిపిన సీసా మీద తన పొడి అక్షరాలు తన చేత్తో రాసుకుంది. ముక్కల చుట్టూ మైనపు పెన్నుతో గీత గీసి, చుక్కలు వేసి, తడి గుడ్డ పరిచిన డబ్బాలో గంటసేపు మూసిపెట్టింది.

మధ్యలో మాస్టారు ఒకసారి గుమ్మం దాకా వచ్చాడు. కుక్కరు ఎంతసేపు పెట్టావని అడగబోయాడు. ఆమె తల తిప్పలేదు. పదహారేళ్లలో మొదటిసారి ఆయన ఆ గదిలో అడిగి లోపలికి రావలసిన మనిషిలా నిలబడి, వెళ్లిపోయాడు.

కడిగి, రెండో మందు వేసి, మళ్లీ కడిగి, చివరికి గోధుమ రంగు పోసింది. ఇక్కడే చెయ్యి నిదానం కావాలి. ఎక్కువసేపు ఉంచితే అన్నీ గోధుమే, తక్కువైతే ఏదీ కాదు. బూటు ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తూ కూర్చుంది. మొదటి నిమిషం ఏమీ లేదు. తర్వాత లేతగా, కణాల చుట్టూ తడి నేల మీద వేలితో గీసినట్టు గీతలు తేలాయి. ఎంత లేతగా రావాలో అంతే లేతగా వచ్చాయి. వెంటనే నీళ్లలో ముంచేసింది. పైన నీలం రంగు ఇచ్చి, అద్దం మూతలు అంటించింది.

డాక్టరమ్మ బూటు ముక్క చూసి తలూపింది. తర్వాత రోగుల ముక్కలు ఒక్కొక్కటే చూడసాగింది. ఎనిమిది నిజంగానే నెగెటివ్. తొమ్మిదోది అటూ ఇటూ కాని మధ్యస్థం, ఇంకో పరీక్షకు పంపాలి. దాన్ని పక్కన పెట్టి, పదోది చాలాసేపు చూసింది. జరిగి, "నువ్వు కూడా చూడు" అంది.

రిబ్బనక్క కన్ను ఆనించింది. కండక్టరమ్మ ముక్క. ప్రతి కణం చుట్టూ నిండు గీత, ఎక్కడా తెగలేదు. తేనెపట్టులో గదుల గోడల్లా ఒకదానికొకటి ఆనుకుని కంటి నిండా గోధుమ గళ్లు. గళ్ల లోపల మాత్రం శుభ్రంగా ఉంది.

పదకొండోది కూడా అలాంటిదే. మొత్తం ఇద్దరు.

"సీసా సంగతి నాకు అర్థమవుతోందమ్మా. కానీ పై ఆఫీసు తేల్చేదాకా నేనేమీ అనలేను" అంది డాక్టరమ్మ, ఆమె వైపు చూడకుండా. ఆ గదిలో కిటికీ బయటికి చూసే అలవాటు ఒక్క మాస్టారిదే కాదని రిబ్బనక్కకు అర్థమైంది.

"అనొద్దు మేడమ్. పాతవి రద్దని, కారణం యాంటీబాడీ పలచబడటం, కంట్రోల్ మారటం అని రిపోర్టులోనే రాయండి చాలు. మారిన మూడింటి డాక్టర్లకి మీరే ఫోన్ చెయ్యండి."

డాక్టరమ్మ రాసింది. ఫోన్లు కూడా చేసింది.

బుధవారం మధ్యాహ్నం గాజుల చెయ్యి మళ్లీ అద్దం తట్టింది. కండక్టరమ్మ ఈసారి ఖాకీలో లేదు. ఒంటరిగా వచ్చింది.

"ఏమైంది? చెప్పేయండి, ఉన్నదున్నట్టు."

"పోయినసారి తప్పు వచ్చింది. ఇప్పుడు పాజిటివ్."

కండక్టరమ్మ కిటికీలోకి ఇంకా వంగింది. "అంటే చెడ్డదా?"

"జబ్బు అప్పుడున్నదే ఇప్పుడూ ఉంది, కొత్తగా ఏం రాలేదు. మీ కణాల పైన ఒక రకం రిసెప్టర్లు చాలా ఎక్కువగా ఉన్నాయి. జబ్బుకి జోరు వాటివల్లే. వాటినే పట్టుకునే మందు ఉంది. పాత కాగితం పట్టుకెళితే అది మీకు ఇచ్చేవారు కాదు. డాక్టరమ్మ మీ డాక్టరుగారితో ఫోన్లో మాట్లాడారు. రేపు ఏం ఎక్కించాలో ఈ కాగితం చూసి నిర్ణయిస్తారు."

కండక్టరమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "తప్పు ఎవరు చేశారు?"

"ఈ గదిలో జరిగింది."

"మీరా?"

"నేను కాదు. కానీ ఈ గదిలోనే."

ఆమె కాసేపు రిబ్బనక్క మొహంలోకి చూసింది. "నా పాత రిపోర్టు చెల్లెలి దగ్గరుంది. చింపెయ్యమంటారా?"

"వద్దు. రెండూ చూపించండి. ఏది తప్పో దీంట్లో రాసుంది."

రిబ్బనక్క స్లైడును దూది పరిచిన చిన్న డబ్బాలో పెట్టి, పైన టేపు చుట్టింది. మైనపు దిమ్మను వేరే సంచిలో వేసింది. రెండింటి మీదా నంబర్లు కండక్టరమ్మకు చూపించి, కాగితం మీద ఉన్న నంబరుతో కలిపి బిగ్గరగా చదివించింది. అందినట్టు సంతకం తీసుకుని, డబ్బా, సంచి కిటికీలోంచి ఆమె చేతికి అందించింది.